చెరువు గట్టు మీద ఒక్క చుట్టు

మీరు వంగి నేలమీద గింజలు ఏరుకుంటున్నారనుకోండి. వెనకనుంచి ఒకడు చప్పుడు కాకుండా వచ్చి, మీ వీపు మీదికి దూకి, జుట్టు పట్టుకుని, మడమలతో డొక్కలో పొడిస్తే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. వీడు చదువుకున్నవాడు, మంచివాడు, నన్నేమీ చెయ్యడు అనుకుంటూ నిలబడతారా?

నిలబడరు. విదిలించి కింద పారేసి పరిగెడతారు. నేనూ అంతే. మనం చేస్తే దానికి ఆత్మరక్షణ అని పేరు. గుర్రం చేస్తే పొగరు అంటాం, పొగరు దించాలంటాం, దించడానికి కర్ర తెస్తాం. నలభై ఏళ్ళు వేదికలెక్కి హేతువు, హేతువు అని గొంతు చించుకున్న నాకు ఈ చిన్న హేతువు అరవయ్యో ఏట తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను. ఇందులో నేను గెలిచిన వాదన ఒక్కటీ లేదు.

పుట్టింది తాడేపల్లిగూడెంలో. ఏలూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. సాయంకాలాలూ సెలవులూ మూఢనమ్మకాల మీద యుద్ధంలో గడిచాయి. ఖాళీ చేతిలోంచి విబూది తీసి చూపించాను, నిప్పుల మీద నడిచాను, అమావాస్య నాడు సరిగ్గా ముహూర్తం లేని వేళ చూసి మా కొత్తింట్లో పాలు పొంగించాను. నా పద్ధతి ఒకటే. నలుగురినీ పిలవాలి, వాళ్ళ కళ్ళముందు రుజువు చెయ్యాలి, అక్కడికక్కడే నోరు మూయించాలి. మా ఆవిడ దీన్ని నా రోగం అనేది.

మా బావమరిదికి గణపవరం దాటాక కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. రోజూ పొద్దున్నే గట్టు మీద గుర్రమెక్కి తిరగాలని అతనికి చిన్నప్పటినుంచీ సరదా. నేను రిటైరైన ఏడాది ఎక్కడినుంచో చిన్న లారీలో ఒక ఆడగుర్రాన్ని తెచ్చాడు. చింతగింజ రంగు ఒళ్ళు, నల్ల జూలు. దాని మీద అప్పటిదాకా ఎవరూ ఎక్కలేదు. ఎక్కించుకునే ఉద్దేశం దానికీ ఉన్నట్టు లేదు. ఇద్దరు మనుషుల్ని పెట్టి మచ్చిక చేయించబోయాడు. వాళ్ళు దాన్ని కొబ్బరిచెట్టుకి కట్టి, ఒక పగలంతా నీళ్ళివ్వకుండా ఉంచి, కర్రతో కొట్టి, నీరసపడ్డాక ఎక్కారు. ఎక్కినవాడి భుజం ఎముక విరిగింది. రెండోవాడు మళ్ళీ కనపడలేదు.

అంతటితో పోయేదే. ఒకరోజు భోజనానికొచ్చిన చుట్టం ఒకాయన చెయ్యి తుడుచుకుంటూ దాని మొహంలోకి చూసి, ఎడమకంటి కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉన్నాయని కనిపెట్టాడు. వేలికొసంత సుడి. "కన్నీటి సుడండీ అది. దీని యజమాని ఏడవకుండా ఉండడు" అని చెప్పి, పెరుగు బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే తుఫాను ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ లేదు. నీళ్ళల్లో గాలి తగ్గి, ఐదోరోజు తెల్లారేసరికి ఒక చెరువు చెరువంతా చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి.

మా అత్తగారు చాలా మర్యాదస్తురాలు. నన్ను ఎప్పుడూ ఎదిరించలేదు, నా మాట ఎప్పుడూ నమ్మనూ లేదు. నేను ఆవిడకి ఎండ, నాచు, ప్రాణవాయువు అన్నీ విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మీరు చెప్పింది నిజమేనండి అల్లుడుగారూ. మరి పక్క చెరువులో ఎందుకు తేలలేదండీ?" అంది.

"వాళ్ళకి జనరేటరు ఉందండీ. కరెంటు పోయినా నీళ్ళల్లో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయి."

"అదేనండి. వాళ్ళకి జనరేటరుంది. మనకి గుర్రముంది."

దాన్ని పంపించేయాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. సుడి గుర్రాన్ని సవారీకి ఎవరూ కొనరు. కొనేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు గుర్రాన్ని చూడడు, దాని బరువు చూస్తాడు. అక్కణ్ణుంచి అది ఎక్కడికి వెళుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా బావమరిది మొహం పక్కకి తిప్పుకుని నాతో అన్నాడు: "బావగారూ, మాఘమాసంలో పెద్దచెరువు పట్టుబడి ఉంది. ఆ వేళకి ఎవరైనా దీని మీద కూర్చుని గట్టు మీద ఒక్క చుట్టు తిరిగితే మా అమ్మకి నేను చెప్పుకుంటాను. లేకపోతే పట్టుబడి రోజున ఆ మనిషి వచ్చి తోలుకుపోతాడు."

పట్టుబడి అంటే చెరువులో వల లాగి చేపలన్నీ పట్టి లారీలకెత్తే రోజు. అప్పటికి రెండు నెలలుంది. నేను చుట్టూ చూసి, అందరికీ వినపడేలా, "తిరుగుతుంది. తిప్పి చూపిస్తాను" అన్నాను. నాకు గుర్రం ఏ వైపునుంచి ఎక్కాలో కూడా తెలియదు.

ఏలూరు స్టేషను బయట ఒకప్పుడు జట్కాలు వరసగా నిలబడేవి. ఆటోలొచ్చి వాటిని తుడిచేశాయి. అక్కడ టీ కొట్టు పెట్టుకున్న ఒక ముసలాయన్ని అడిగితే, ఫలానా జట్కా ఆయన పోయాడుగానీ కూతురు పెంటపాడులో ఉంది, గుర్రాల సంగతి తండ్రికన్నా ఆవిడకే ఎక్కువ తెలుసు అన్నాడు. స్కూటరు మీద వెళ్ళాను. నా ఈడు మనిషే. మిషన్ హాస్టల్లో ఆయాగా పనిచేసి మానేసింది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. తండ్రికి కాలు విరిగినప్పుడు పన్నెండేళ్ళ వయసులో కొత్త గుర్రాన్ని తనే బండికి అలవాటు చేసిందట. నేను అరగంటసేపు సుడి గురించీ, అజ్ఞానం గురించీ, సమాజం గురించీ మాట్లాడాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది.

"ఏ పక్కనుంచి కొట్టారండీ?"

నాకు తెలియలేదు. ఫోన్ చేసి కనుక్కున్నాను. కుడిపక్కనుంచి.

"అయితే ఎడమపక్క మనకి మిగిలింది" అంది ఆవిడ, చింతపండు చేతులు కడుక్కుంటూ. "ఎక్కడం మాత్రం నావల్ల కాదండి మాస్టారూ, మోకాళ్ళు ఒప్పుకోవు. ఎక్కేది మీరే. కాబట్టి ముందు మీకు నేర్పాలి."

ఆ మర్నాడు మొదలు. చెరువు పక్కన వెదురు దడి కట్టిన ఖాళీ జాగాలో గుర్రముంది. ఆవిడ దడి తలుపు దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. తర్వాత లోపలికి వెళ్ళి, మేత బకెట్టు బోర్లించి, గుర్రానికి వీపు తిప్పి కూర్చుని, చేటలో ఉలవలు పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. గుర్రం అవతలి మూలకి నక్కి, ముక్కు పుటాలు పెద్దవి చేసుకుని చూస్తోంది. పదయింది. పదకొండయింది. నేను దడి బయటినుంచి, "ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"ఉలవలు బాగుచేస్తున్నానండి."

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నాలుగోరోజున గుర్రం ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, ఆవిడ మెడ మీద ఊపిరి వదిలింది. ఆవిడ తిరిగి చూడలేదు. చేట పక్కన పెట్టి, లేచి, బయటికొచ్చేసింది.

"ఇప్పుడే కదండీ దగ్గరికొచ్చింది! పట్టుకోవాల్సింది!"

"వచ్చినందుకు దానికి ఏమిచ్చాం మనం? మనం వెళ్ళిపోవడం ఇచ్చాం. ఇంక భయం లేకుండా వస్తుంది, చూడండి."

చూశాను. మర్నాడు పావుగంటలో వచ్చింది.

ఆవిడ తలుపు దగ్గర కళ్ళు మూసుకోవడం నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఒకనాడు ఉండబట్టలేక, "ప్రార్థన చేస్తే గుర్రం లొంగుతుందా అండీ?" అన్నాను.

"గుర్రం కోసం కాదండి. ఇవాళ నేను తొందరపడకుండా ఉండాలని."

"అయితే నాకేం అభ్యంతరం లేదు."

"మిమ్మల్ని అడిగానా అండీ?" అంది. నవ్వు దాచుకోలేదు.

కానీ నేను చెప్పాల్సింది చెప్పాలి. ప్రయోగశాలలో ముప్ఫయ్యారేళ్ళు పిల్లలకి నేను చెప్పిన పాఠం ఇదే: ఒకసారికి ఒకటే మార్చు, చూడు, ఆగు, చూసినదాన్ని బట్టి తర్వాతది చెయ్యి. అది అంత నిక్కచ్చిగా చేసే మనిషిని నేను ఆ దడిలోనే చూశాను. ఆవిడ చెవుల్ని చదివేది. ఎడమ చెవి ఇటు తిరిగితే, "మనల్ని వింటోంది" అనేది. రెండు చెవులూ వెనక్కి వాలితే అడుగు వెనక్కి వేసేది. తల దించి నాలుక చప్పరిస్తే, "ఊపిరి పీల్చుకుంది, ఇవాళ్టికి చాలు" అని లేచిపోయేది. గుర్రానికి రెండు పక్కలా దాదాపు చుట్టూరా కనిపిస్తుందనీ, సరిగ్గా ముక్కు ఎదురుగానూ తోక వెనకగానూ మాత్రం కనపడదనీ, అందుకే తిన్నగా ఎదురొచ్చి తల మీద చెయ్యి పెట్టబోతే అదిరిపడుతుందనీ ఆవిడ చెప్పింది. పుస్తకాల్లో వెతికి చూస్తే అదే ఉంది. ఆవిడ ఏ పుస్తకమూ చూడలేదు.

నా వంతు వచ్చింది. నేను లోపలికెళ్ళగానే గుర్రం మూలకి పోయింది.

"అలా గుచ్చి చూడకండి. తినేవాళ్ళు అలా చూస్తారు."

తల తిప్పుకున్నాను.

"ఊపిరి బిగబట్టారు. అది వింటోంది."

వదిలాను. దానితో ఏదో మంచిగా మాట్లాడదామని, "భయపడకమ్మా, నేను..." అన్నానో లేదో ఆవిడ చెయ్యి ఎత్తింది. "మీరు మాట్లాడకండి మాస్టారూ. మీ గొంతులో ఎప్పుడూ ఎవరితోనో దెబ్బలాట ఉంటుంది."

నన్ను అంత తిన్నగా ఎవరూ అనలేదు. కోపం వచ్చింది. కోపం వచ్చిందని నాకన్నా ముందు గుర్రానికి తెలిసింది. అది మరో రెండడుగులు వెనక్కి వెళ్ళింది. నేను బకెట్టు మీద కూర్చుని, వీపు తిప్పి, ఆరు రోజులు ఉలవలు ఏరాను. ఏడోరోజున నా మెడ మీద ఆ ఊపిరి పడింది. వెచ్చగా, తడిగా, పచ్చిగడ్డి వాసనతో. నేను ఏ గుడిలోనూ, ఏ చర్చిలోనూ తల వంచినవాణ్ణి కాను. ఆ పూట వంచిన తల ఎత్తలేకపోయాను.

తర్వాత నెమ్మదిగా సాగింది. ఎడమపక్క మెడ మీద చెయ్యి. చెయ్యి తీసెయ్యడం. మళ్ళీ చెయ్యి. నోట్లో ఇనుము పెట్టలేదు, మెత్తటి నూలుతాడుతోనే తలకి కట్టు అల్లింది ఆవిడ. ముందు తాడు చూపించడం, వాసన చూడనివ్వడం, ఆ తర్వాతే కట్టడం. వీపు మీద మడతపెట్టిన గోనెపట్టా. అది జారిపడితే గుర్రం బెదిరి దడి చుట్టూ పరిగెత్తింది. మళ్ళీ మొదటినుంచి. గోనెపట్టా మీద కొంచెం తవుడు నింపిన సంచి. కుడిపక్కకి వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. కర్రదెబ్బ పడిన చోట చెయ్యి పెడితే దాని చర్మం ఈగ వాలినట్టు వణికేది. ఆవిడ రోజూ ఆ చోట చెయ్యి అలాగే ఉంచి నిలబడేది. ఒకరోజు వణకడం ఆగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నేను చూశానని గమనించి, "ధూళండీ" అంది. చెరువుల మధ్య ధూళి ఎక్కడిది?

పట్టుబడికి ఇంక పద్దెనిమిది రోజులుందనగా నన్ను ఒక డ్రమ్ము ఎక్కించి, గుర్రం వీపు మీద అడ్డంగా పొట్ట ఆనించి పడుకోమంది. తర్వాత దిగమంది. మర్నాడు కాలు అటు వేసి కూర్చోమంది. కూర్చున్నాను. ఆవిడ దాని తల దగ్గర నిలబడి ఉంది.

నా తొడల కింద దాని గుండె కొట్టుకోవడం తెలిసింది. నా గుండెకంటే నెమ్మదిగా ఉంది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మనిషి పుట్టకముందునుంచీ గుర్రం వీపు మీదికి దూకినవన్నీ దాన్ని తినడానికి దూకినవే. ఆ బరువు వీపు మీద పడ్డ క్షణమే విదిలించినవి బతికాయి, ఆలోచించినవి చచ్చిపోయాయి. బతికినవాటి కడుపున పుట్టింది ఇది. దీని ఎముకల్లో ఉన్నది మూఢనమ్మకం కాదు. లక్షల ఏళ్ళ సాక్ష్యం. అంత సాక్ష్యాన్నీ పక్కన పెట్టి, మొన్ననే కర్రతో కొట్టిన జాతికి చెందిన ఒకణ్ణి వీపు మీద కూర్చోనిచ్చి, చెవి వెనక్కి తిప్పి, ఊరికే వింటోంది. నలభై ఏళ్ళలో నా ఉపన్యాసం విని ఎవరైనా అంత దూరం వచ్చారా? నేనెవరి మాటైనా విని అంత దూరం వెళ్ళానా?

మూడు రోజులు అలా దడి లోపలే కూర్చున్నాను. నాలుగడుగులు నడిచింది కూడా. అది నా తలకెక్కింది. శనివారం సాయంత్రం ఆవిడ బస్సెక్కుతూ, "ఇంకో పదిరోజులండి. గట్టు మీదికి అప్పుడే వద్దు" అంది. నేను సరేనన్నాను.

ఆ మాట అనేటప్పటికే నేను ఆదివారం పొద్దున్నకి మనుషుల్ని పిలిచేశాను.

ఎందుకు చేశానో ఎన్నిసార్లు తవ్వుకున్నా ఒకటే తేలుతుంది. గుర్రం బతకడం నాకు కావాలి, నిజమే. కానీ దానికన్నా ముందు మా అత్తగారు ఒప్పుకోవడం కావాలి. నా పద్ధతి నాకుంది కదా. ఏలూరునుంచి నా వాదప్రతివాదాల మిత్రులు పది మందీ, చుట్టుపక్కల చెరువులవాళ్ళూ, పనివాళ్ళూ కలిసి అరవై మంది దాకా వచ్చారు. ఆవిడ ఆదివారం ఆరాధన మానదని నాకు తెలుసు. గుర్రం ఆదివారం పాటించదు కదా అని నాలో నేనే ఒక చలోక్తి కూడా వేసుకున్నాను. అత్తగారికి ముందువరసలో కుర్చీ వేయించాను. ఇంకా సిగ్గుచేటైన మాట చెప్పాలి. మైకు పెట్టించాను.

సుడి అంటే చర్మంలో వెంట్రుక మొలిచే దిక్కేనని ఇరవై నిమిషాలు మాట్లాడాను. మధ్యలో మైకు కీచుమంది. గుర్రాన్ని గట్టు మీదికి తీసుకొచ్చారు. దాని రెండు చెవులూ వెనక్కి వాలి ఉన్నాయి. చూశాను. ఆ చెవుల్ని చదవడం నెల్లాళ్ళు నేర్చుకున్న మనిషిని, చూసి కూడా ఎక్కాను. కొంగలు వాలకుండా చెరువుకి అడ్డంగా కట్టిన మెరుపు రిబ్బన్లు గాలికి జుయ్యిమంటున్నాయి. నా మిత్రులు చప్పట్లు కొట్టారు.

గుర్రం ముందుకాళ్ళెత్తింది. నేను చెరువులో పడ్డాను. బురద మింగి, పైకి తేలేసరికి అది గట్టు దిగి, పంటబోదె దాటి, కొల్లేరు వైపు మనిషెత్తు కిక్కిస గడ్డిలోకి దూరిపోయింది. నూలుతాడు వెనకాల ఈడ్చుకుపోతూ కనిపించింది.

ఎవరూ నవ్వలేదు. మా అత్తగారు తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. "పోన్లెండి, ప్రాణంతో ఉన్నారు. దాన్ని మాత్రం ఇంక ఉంచద్దండి" అంది. మెల్లగా అంది. మా బావమరిది దూరంగా వెళ్ళి ఫోన్ చేశాడు. బరువు చూసి కొనే మనిషి రేపు పొద్దున్న వస్తానన్నాడట. పట్టుబడి దాకా కూడా లేదు. నేను దాన్ని కాపాడతానని పెట్టిన మైకే దాని గడువు తెగ్గొట్టింది.

జట్కా ఆయన కూతురు మధ్యాహ్నం వచ్చింది. ఎవరో ఫోన్ చేస్తే ఆరాధన అయిన వెంటనే ఆటో మాట్లాడుకుని వచ్చిందట. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. బురద గుడ్డలతోనే ఉన్న నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఎంతమందండీ?"

"అరవై దాకా."

"చప్పట్లు కొట్టారా?"

"కొట్టారండి."

సంచి మా అత్తగారికిచ్చి కొల్లేరు వైపు నడిచింది.

గుర్రం కిక్కిస మధ్య ఒక మెరక మీద నిలబడి ఉంది. చుట్టూ మోకాలు దాటిన నీళ్ళు, కింద ఊబి. కాళ్ళు పొట్టదాకా నల్లబురద. ముందుకాలి మీద నెత్తురు. చెరువు పనివాళ్ళు పెద్ద వల తెచ్చి మూడువైపులనుంచీ వేసి లాగుదాం అన్నారు. వాళ్ళకి తెలిసిన పని అది. ఆవిడ, "వద్దు బాబూ. వల వేస్తే ఊబిలోకే పోతుంది. మీరందరూ కనపడనంత దూరం వెళ్ళండి" అంది. నన్ను మాత్రం ఒడ్డున ఉన్న తాటిదోనెలో వెల్లకిలా పడుకోమంది. "మీ వాసన దానికి తెలియాలి. మీ మొహం కనపడక్కర్లేదు."

తర్వాత తెల్లచీర తడుస్తున్నా లెక్కచెయ్యకుండా మోకాలిలోతు నీళ్ళల్లోకి దిగి, గుర్రానికి వీపు తిప్పి, నిలబడింది.

అంతే. నిలబడింది. నేను దోనె అడుగున పడుకుని ఆకాశం చూస్తున్నాను. గూడబాతులు గుంపులుగా, రెక్క ఆడించకుండా తేలుతూ వెళుతున్నాయి. అప్పుడప్పుడు అంచు మీదనుంచి కన్నెత్తి చూసేవాణ్ణి. ఆవిడ అలాగే ఉండేది. గుర్రం అలాగే ఉండేది. ఎండ దిగింది. మోకాళ్ళు ఒప్పుకోవని చెప్పిన మనిషి రెండు గంటలు దాటి నీళ్ళల్లో నిలబడింది. నేనైతే ఆ రెండు గంటల్లో గుర్రానికి పది కారణాలు చెప్పి ఉండేవాణ్ణి.

నీళ్ళు కదిలిన చప్పుడయింది. ఒక కాలు. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో కాలు. నేను ఊపిరి బిగబట్టానని గుర్తొచ్చి వదిలాను. గుర్రం బురదలో అడుగు తడుముకుంటూ, గట్టినేల వెతుక్కుంటూ, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. వచ్చి, ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది. ఆవిడ అప్పటికీ తిరగలేదు. నాలుకతో టక్కుమని ఒక చిన్న శబ్దం చేసింది. జట్కావాళ్ళ శబ్దం. చేసి, తాడు ముట్టుకోకుండా ఒడ్డుకి నడిచింది. గుర్రం వెనకాలే నడిచింది. దోనె దగ్గర ఆగి, అంచు మీదనుంచి మూతి లోపల పెట్టి, బురద కంపు కొడుతున్న నా చొక్కాని వాసన చూసింది. చేసినవాణ్ణి నేనే. దానికి తెలుసు. చప్పరించి తల దించింది.

నాకు ఏడుపొచ్చింది. కన్నీటి సుడి యజమానిని ఏడిపిస్తుందన్నారు. యజమాని బాగానే ఉన్నాడు, ఏడ్చింది హేతువాది.

చెరువు గట్టు మీద మా బావమరిదీ అత్తగారూ నిలబడి ఉన్నారు. తడిచీరతో ఒక ముసలావిడ ముందూ, తాడు నేల మీద ఈడ్చుకుంటూ గుర్రం వెనకా, దాని వెనక నేనూ నడిచి రావడం వాళ్ళు చూశారు. మా బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు. "రేపు రాకండి. పట్టుబడి రోజునే చూద్దాం" అన్నాడు.

ఆవిడ మర్నాడు మళ్ళీ బకెట్టు బోర్లించింది. "మొదటినుంచా అండీ?" అన్నాను. "మీకు మొదటినుంచి. దానికి సగంనుంచి" అంది. నాకు అదే న్యాయమనిపించింది. రిబ్బను ముక్కలు తెప్పించి దడికి కట్టించింది. ముందు దూరంగా ఒకటి, తర్వాత దగ్గరగా రెండు. జుయ్యిమన్నప్పుడల్లా ఉలవలు. వారం తిరిగేసరికి రిబ్బను మోగితే గుర్రం మేత కోసం మెడ చాచేది.

పట్టుబడి రోజు తెల్లవారుజామున మంచు పట్టి చెరువుకి అవతలిగట్టు కనపడలేదు. వలలవాళ్ళు ఇంకా రాలేదు. ఆవిడా నేనూ గుర్రమూ ఉన్నాం. నేను ఎవరినీ పిలవలేదు. ఎడమపక్క నిలబడి, దాని చెవి ఇటు తిరిగేదాకా ఆగి, ఎక్కాను. ఆవిడ తల దగ్గరనుంచి తప్పుకుంది.

గుర్రం నడిచింది. మంచులో దాని చెవుల కొసలు తప్ప నాకేమీ కనపడలేదు. గట్టు ఎక్కడుందో దానికి తెలుసు, నాకు తెలియదు. ఏలూరులో మిత్రులతో చేసిన వాదాలన్నీ, నా నలభై ఏళ్ళ మాటలన్నీ ఎక్కడో వెనకపడిపోయి, ఒక జంతువు నన్ను తన వీపు మీద పెట్టుకుని తీసుకువెళుతోంది అన్న ఒక్క సంగతే మిగిలింది. రిబ్బన్లు జుయ్యిమన్నాయి. అది మెడ చాచింది. జేబులోంచి గుప్పెడు ఉలవలు తీసి వంగి పెట్టాను. ఇంత పెద్ద ప్రాణి, తలుచుకుంటే నన్ను మళ్ళీ చెరువులో వెయ్యగలది, నా అరచేతిలో మెత్తటి పెదాలతో గింజలు వెతుక్కుంది. మూల మలుపులు నాలుగూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చి దానంతటదే ఆగింది. ఒక్క చుట్టు.

అక్కడ మా అత్తగారు కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. చప్పట్లు కొట్టలేదు. నేను దిగాక గుర్రాన్నీ, దాని కంటి కింద సుడినీ మార్చి మార్చి చూసింది.

"సుడి సుడేనండి అల్లుడుగారూ. అది చెడ్డదే" అంది. "గుర్రం మాత్రం మంచిది. ఉంచండి."

నా నోటిదాకా ఇరవై నిమిషాల ఉపన్యాసం వచ్చింది. పక్కన జట్కా ఆయన కూతురు నన్నే చూస్తోంది. గుర్రం చెవి నా వైపు తిరిగింది. నేను కాఫీ తాగాను.

ఎనిమిది గంటలకి ఆ బరువు చూసే మనిషి వచ్చి, బేరం లేదని తెలిసి, రెండు చేపలు అడిగి పట్టుకెళ్ళాడు. గుర్రం ఇప్పటికీ అక్కడే ఉంది. మా బావమరిది రోజూ గట్టు తిరుగుతాడు. సుడి ఒట్టి వెంట్రుకలేనని నేను ఇప్పటికీ రాస్తాను, చెబుతాను, చచ్చేదాకా చెబుతాను. మైకు మాత్రం గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళను.

ఇక మీ సంగతి. మీ చేతికింద కూడా ఒక ప్రాణి ఉంటుంది. మీరు అడుగు వెయ్యగానే మూలకి నక్కేది. అది మీ దొడ్లో కొత్త దూడ కావచ్చు, మీ గుమ్మంలో కుక్క కావచ్చు, మీరు గొంతు పెంచగానే పుస్తకంలో తల దాచుకునే మీ బిడ్డే కావచ్చు. దానికి పొగరని పేరు పెట్టి ఉంటారు, మొండి అని సుడి దిద్ది ఉంటారు. లేవండి. చేతిలో కర్ర ఉంటే కింద పడేయండి, నోట్లో మాట ఉంటే మింగేయండి. వెళ్ళి దానికి వీపు తిప్పి కూర్చోండి. మెడ మీద ఊపిరి తగిలేదాకా లేవకండి. రేపు కాదు, ఇవాళే వెళ్ళండి.